పడుకున్న నేలకు నేను పెట్టిన పేరు

ఇంగ్లీషులో ఫ్యాలో అని ఒక మాట ఉంది. వెంటబడి పోవడాన్ని ఫాలో అంటారే, అది కాదు, ఇది వేరు. పంటలు పండించి పండించి అలసిన నేలను రైతు కావాలని కొన్నేళ్ళు ఖాళీగా ఉంచితే దాన్ని ఫ్యాలో అంటారు. రైతు ఎక్కడికీ పోలేదు. ఆ నేల మీద ఆశ వదులుకోలేదు. మళ్ళీ వస్తాడు. అబాండన్డ్ అని ఇంకో మాట ఉంది. అంటే వదిలేసినది అని. వదిలినవాడు ఇక రాడు, వచ్చినా నాదని అడిగే హక్కు అతనికి లేదు. ఈ మాటను నేలకే కాదు, ఓడకీ వాడతారు, ఇంటికీ వాడతారు, కట్టుకున్న పెళ్ళానికీ కన్న పిల్లలకీ కూడా వాడతారు.

చూడ్డానికి రెండు నేలలూ ఒకేలా ఉంటాయి. గడ్డి, తుప్పలు, మొలకెత్తిన చెట్లు. తేడా నేలలో లేదు, దాన్ని ఖాళీగా ఉంచిన మనిషి మనసులో ఉంది. కాబట్టి ఆ మనిషిని అడగాలి, అడిగాక చెప్పింది వినాలి. నేను అడిగాను. విన్నాను కూడా. విని, రెండో మాట రాశాను. దాంతో అరకు లోయ పైన ఒక ముసలాయనకూ ఆయన కూతురికీ తిండి పెట్టే కొండవాలు వాళ్ళది కాకుండా పోయింది. ఇది నలభై ఏళ్ళ కిందటి సంగతి. ఇప్పటికీ ఎవరైనా మా ఇంటికొచ్చి, మీ ఇంగ్లీషు ఎంత బాగుంటుందండీ అన్నారంటే నాకు ఒళ్ళు మండుతుంది. పైకి మాత్రం నవ్వి కాఫీ ఇప్పిస్తాను.

నా ఇంగ్లీషు శృంగవరపుకోట దగ్గర ఒక బడిలో మొదలైంది. మా మేష్టారు మాటలూ అర్థాలూ వల్లె వేయించేవారు. ఆయన ఒక ఇంగ్లీషు మాట అనేవారు, మేం ముప్ఫైమందిమీ తెలుగు మాట అరిచేవాళ్ళం. ఫ్యాలో అంటే బీడు. అబాండన్డ్ అంటే విడిచిపెట్టబడినది, నేల అయితే బీడు. రెండింటికీ బీడే. ఆయన ఎప్పుడూ నాగలి పట్టలేదు, ఆయన్ని తప్పుపట్టి ఏం లాభం? మా నాన్న పట్టాడు. మెట్టచేను ఒకటి మా ఇంటికి కూతవేటు దూరంలోనే రెండేళ్ళపాటు అలా ఊరికే ఉంచేవాడు. ఎందుకు నాన్నా అని నేను ఒక్కసారి అడిగి ఉంటే, మేష్టారు చెప్పలేనిది ఆయన రెండు ముక్కల్లో చెప్పేవాడు. నేను అడగలేదు. చదువుకునే కొడుకు మట్టి గురించి అడగడం నామోషీ అనుకునే వయసు అది. మా నాన్న కూడా నా ముందు మట్టి ఊసెత్తేవాడు కాదు. నన్ను ఆ మట్టిలోంచి బయట పడెయ్యాలనే కదా ఆయన తాపత్రయం.

బయట పడ్డాను. పందొమ్మిది వందల ఇరవైల్లో, మన్యంలో తుపాకులు పేలి చల్లారిన కొన్నాళ్ళకి, కొండల్లో అడవి హద్దులు తేల్చే ఒక క్యాంపులో నాకు గుమాస్తా పని దొరికింది. రాజవొమ్మంగి వైపు జరిగినవన్నీ అప్పటికి కథలుగా మా దాకా వచ్చేవి. ఆ కథల వల్ల సర్కారు వాళ్ళకు కొండమనిషి అంటే అనుమానం, మాలాంటి పల్లపువాళ్ళకు భయం. అమ్మ నా చేతికి తాయెత్తు కట్టింది. నాన్న ఘాట్ రోడ్డు మొదలయ్యేదాకా నాతో నడిచి వచ్చాడు.

క్యాంపులో ముగ్గురిదే రాజ్యం. ఒక తెల్లదొర, కుర్రవాడు, చెడ్డవాడు కాడు. ఏదైనా అర్థం కాకపోతే అడిగేవాడు, అది ఆ రోజుల్లో దొరల్లో అరుదు. ఆయన కింద హెడ్డు గుమాస్తాగారు, విజయనగరం మనిషి, మనవాళ్ళలో గట్టివాడు. ఆ తర్వాత నేను. మాకు ఇచ్చిన పని ఇది: ప్రతి కొండవాలునూ చూడాలి, ఊళ్ళోవాళ్ళను పిలిచి విచారించాలి, రిజిస్టరులో మూడు గళ్ళలో ఏదో ఒకదానిలో వేయాలి. సాగులో ఉన్నది, ఫ్యాలో, అబాండన్డ్. మొదటి రెండూ ఊళ్ళోవాళ్ళకు మిగులుతాయి. మూడోది సర్కారు మూసిన అడవిలో కలిసిపోతుంది. ఆ తర్వాత అక్కడ కొమ్మ నరికినా నేరమే.

ఫ్యాలో అని రాయడం చాలా పెద్ద పని. ఎవరిదో పేరు రాయాలి, ఎన్నేళ్ళుగా ఖాళీగా ఉందో రాయాలి, ఊరి పెద్దలు ఇద్దరిచేత చెప్పించాలి, మర్నాడు గొలుసు పట్టుకొని ఆ వాలు చుట్టూ తిరిగి కొలవాలి. అబాండన్డ్ అని రాయడానికి ఒక్క గీత, కింద ఒక వేలిముద్ర చాలు. మొదటి వారంలోనే హెడ్డు గుమాస్తాగారు నాకు ఈ తేడా నేర్పారు. "ఏటోయ్, ఇంకా గీకుతన్నావు? బీడు ఎక్కడైనా బీడే. బేగి కానీ, వానలు పడితే గెడ్డలు దాటలేం," అన్నారు. నిఘంటువులో లేని అర్థం ఇది. ఒక మాటకి పని ఎక్కువ, ఇంకోదానికి పని తక్కువ.

ఆ ఊరు హుకుంపేట నుంచి అరకు వైపు వచ్చే కొండదారికి పైన ఉంది. ఇరవై ఇళ్ళు ఉంటాయేమో. మమ్మల్ని చూడగానే మగవాళ్ళలో సగంమంది అడవిలోకి జారుకున్నారు. జారుకోనివాళ్ళలో ఒక ముసలాయన ఉన్నాడు. చిన్న గోచీ, భుజం మీద గొడ్డలి, నెరిసిన జుట్టు ముడి. ఆయనతో ఆయన కూతురు. మొగుడు జ్వరంతో పోతే చంటిబిడ్డను వీపున కట్టుకొని తండ్రి దగ్గరకు వచ్చేసింది. ఇంట్లో వాళ్ళు ముగ్గురే. కింద గెడ్డ పక్కన గరువు చెక్క ఒకటి ఉంది, ఆ మెట్టనేల ముక్క పిల్లల చెయ్యంత. వాళ్ళ అసలు తిండి పైనున్న కొండవాలు మీదే. అదిప్పుడు ఖాళీగా ఉంది. దాన్ని చూడ్డానికి దొరగారు నన్ను పంపారు.

సన్నగా తుంపర పడుతోంది. ముసలాయన ముందు, నేను మధ్యలో, కూతురు వెనక. పైకి ఎక్కేసరికి నా కాళ్ళకి పన్నెండో పదమూడో జలగలు పట్టాయి. ఒక్కొక్కదాన్నీ ఆయన ఉప్పు పెట్టి విడిపించాడు. ఆయన దగ్గర ఉప్పు కాస్తే ఉంది, ఆకులో కట్టుకున్నాడు. అదంతా నా కాళ్ళకే అయిపోయింది.

వాలు మీద తొడకంటే సన్నని చెట్లు గుబురుగా లేచి ఉన్నాయి. వాటి మధ్యలో పెద్ద ఇప్పచెట్టు ఒకటి, జీలుగులు మూడు, ఒక పనస. అవి ఎవరో నరక్కుండా కాపాడుకున్న చెట్లని చూస్తేనే తెలుస్తుంది. నేను కాగితం తీసి అడిగాను.

"ఇది ఎవరిది తాతా?"

ముసలాయన కంగారుపడ్డాడు. నా నోటికి అడ్డంగా చెయ్యి ఆడించాడు, ఎక్కడో దేవుడి దగ్గర గట్టిగా మాట్లాడినవాణ్ణి ఊరుకోబెట్టినట్టు.

"ఇప్పుడు ఎవుల్దీ కాదు బాబు. కొండది."

వెనకనుంచి కూతురు, "మాదే బాబు, మా అయ్యే..." అనబోయింది.

"నోర్ముయ్యి గుంటా!" అని ఆయన గసిరాడు. గుంట అంటే చిన్నపిల్ల అని, పెద్దదైనా ఆయనకి అది గుంటే. కూతురు తల దించుకుంది.

నాకు విసుగొచ్చింది. ఎవరిదీ కాకపోతే మీరు వదిలేసినట్టేనా అని అడిగాను. అప్పుడు ఆయన నా దగ్గరగా వచ్చి, గొంతు బాగా తగ్గించి, బడిలో పిల్లాడికి చెప్పినంత ఓపికగా చెప్పాడు.

"ఒగ్గీలేదు బాబు. తొంగోబెట్టినాం."

వదిలెయ్యలేదు, పడుకోబెట్టాం. ఇంతకంటే తేటగా ఎవరు చెప్పగలరు? మా మేష్టారికి రెండు ఇంగ్లీషు మాటలకీ ఒక్క తెలుగు మాటే తెలుసు. ఈయన దగ్గర రెండున్నాయి. ఒగ్గీసిన నేల అంటే ఏమిటో కూడా చెప్పాడు. పులి మనిషిని పట్టిన చోటు. మశూచి వచ్చి ఇంటిల్లిపాదీ పోతే వాళ్ళు వెనక మిగిల్చిన వాలు. అక్కడికి ఎవరూ వెళ్ళరు, అటు చూసి చెయ్యి కూడా చూపించరు. తొంగున్న నేల అలా కాదు. మూడు పంటలు తీశాక ఇంటి పెద్ద ఒక కోడిని కోసి, ఇక పడుకోమని నేలకు చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా దిగి వస్తాడు. ఆ రోజు నుంచి అది లేచేదాకా ఆ ఇంట్లో ఎవరూ నాది అనకూడదు. అంటే నిద్ర చెడుతుంది. నిద్ర చెడిన నేల తాలు గింజలు ఇస్తుంది.

"మరి ఎప్పుడు లేస్తుంది?"

"సెట్టు నా తొడంత లావైతే లేసినట్టే. అప్పుడొచ్చి పిలుత్తాం. ఇప్పటికి అయిదేళ్ళయింది. ఇంకో మూడు నాలుగు పడతాది."

నేను అన్నీ విన్నాను. తెలియక చేశాను అని చెప్పుకునే దారి నాకు లేకుండా ఆ ముసలాయన మొత్తం విప్పి చెప్పాడు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే చాలా ఏళ్ళు నన్ను నేను మోసం చేసుకున్నాను. కొండవాళ్ళు నాది అనలేదు కనుక నష్టపోయారని, తప్పు వాళ్ళ ఆచారానిదని నలుగురిలో చెప్పేవాణ్ణి. విన్నవాళ్ళు అయ్యో అమాయకులు అనేవాళ్ళు.

దిగి వచ్చేసరికి సాయంత్రం టీ వేళ. డేరాలో దొరగారు బల్ల ముందు కూర్చున్నారు, పక్కన హెడ్డు గుమాస్తాగారు నిల్చున్నారు. దొరగారు తలెత్తి అడిగారు: ఫ్యాలోనా, అబాండన్డా?

నాకు ఇంకా కాళ్ళు మంటగా ఉన్నాయి. ఫ్యాలో అంటే రేపు మళ్ళీ ఆ వాలు ఎక్కాలి, గొలుసుతో చుట్టూ తిరగాలి, తుంపరలో, జలగల్లో. హెడ్డు గుమాస్తాగారు కళ్ళతోనే నన్ను హెచ్చరిస్తున్నారు. అవీ ఇవీ కారణాలు వెతకడం ఎందుకు, నిజం చెప్పాలంటే జలగలు. ఒక ఇంటి తిండి నేను జలగలకు భయపడి తీసేశాను.

"అబాండన్డ్, సర్," అన్నాను.

ఆయన వెంటనే రాయలేదు. ఆ మనిషే అలా అన్నాడా అని అడిగారు. అది ఎవరిదీ కాదంటున్నాడు సర్ అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ముసలాయన నోట వచ్చిన మాటే, అచ్చంగా, మంచి ఇంగ్లీషులో పెట్టాను. దొరగారు, వెల్ పుట్, అన్నారు. ఆయన మెచ్చుకున్నందుకు నేను సంతోషించాను కూడా. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు నా ముఖం మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

ముసలాయన వేలిముద్ర కావాలి. పొద్దున్నే వచ్చాడు. రాసినది చదివి వినిపించడం నియమం. "ఈ నేల ఇప్పుడు ఎవరిదీ కాదని రాశాం తాతా," అన్నాను. రెండో సగం, ఇక మీదట నీది కాబోదన్నది, చెప్పలేదు. ముసలాయన ముఖం విప్పారింది. దొరబాబులు కూడా నిద్ర చెడగొట్టకుండా రాశారని ఆయన సంబరం. సిరా పూసిన బొటనవేలు నొక్కి, దాన్ని తలకి తుడుచుకొని, ఇంటికి పోయి ఒక కోడిపెట్టను తెచ్చి నా చేతిలో పెట్టాడు. వద్దంటే వినలేదు. ఆ మధ్యాహ్నం క్యాంపులో దాన్ని కూర వండారు. నాకు రెండు కాళ్ళూ వచ్చాయి. తిన్నాను.

తర్వాత నాలుగేళ్ళలో నాకు పెళ్ళయింది, కూతురు పుట్టింది, హుకుంపేటకు దగ్గర్లో ఒక క్యాంపు కచేరీలో రైటరునయ్యాను. కేసులు విచారించడానికి ఆ కచేరీకి వచ్చే డిప్యూటీగారు తెలుగువారే. మర్యాదస్థుడు, పూజ చేసుకొని గాని కుర్చీలో కూర్చునేవారు కాదు. అడవి కేసులు ఎక్కువ వచ్చేవి. కొండవాళ్ళను తాళ్ళతో కట్టి తెచ్చేవారు, వాళ్ళు తలలు వంచుకొని నిలబడేవారు. నాకు అది అలవాటైపోయింది.

మాఘమాసంలో ఒకరోజు తాడు కొసన ఆ ముసలాయన వచ్చాడు. మూసిన అడవిలో చెట్లు నరికినందుకు. గొడ్డలి కూడా తెచ్చి బల్ల మీద పెట్టారు. నన్ను చూడగానే ఆయన ముఖంలో భయం పోయింది. తాడు పట్టుకున్న జవాను వైపు తిరిగి, గొంతు పెంచి అన్నాడు.

"ఈ బాబుకి తెల్సు! ఈ బాబు నాతో కొండెక్కినాడు. అది తొంగున్నప్పుడు సూసినాడు. అడగండి, అడగండి."

డిప్యూటీగారు నా వైపు చూశారు. పాత రిజిస్టరు తెప్పించారు. నా చేతిరాతే. ఆ రోజుల్లో నా రాత ముత్యాలకోవలా ఉండేది. ఆయన అది చదువుకొని, కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"ఏమయ్యా, రాసింది నువ్వేగా? ఇతను చెప్పేదేమో వేరుగా ఉంది. ఈ నేల వీళ్ళు వదిలేసిందా, ఊరికే ఆపి ఉంచిందా? ఫ్యాలో అయితే చెప్పు, కేసు కొట్టేస్తాను."

అంత బాహాటంగా అడిగారాయన. నాకు ఎదురుగా తలుపు తీసి పట్టుకున్నారు. ఒక్క మాట, అప్పుడు తప్పు రాశానండీ అంటే సరిపోయేది. కానీ తప్పు రాసినవాడి ఉద్యోగం ఏమవుతుంది? ఇంటి దగ్గర పాలు తాగే కూతురుంది. మా నాన్న నా ఉద్యోగం చూసుకొని మురిసిపోతున్నాడు. నోరు తెరిస్తే వచ్చింది ఇది:

"అప్పుడు ఇతను ఇది ఎవరిదీ కాదన్నాడండీ."

డిప్యూటీగారు ముసలాయన్ని అడిగారు, అలా అన్నావా అని. ముసలాయన నాకోసమే అన్నట్టు గట్టిగా తల ఊపాడు.

"అన్నాను బాబు. తొంగున్నప్పుడు ఎవుల్దీ కాదు కదేటి. ఇప్పుడు లేసీసింది. నాను పిలిచినాను, పలికింది."

కచేరీలో అందరూ నవ్వారు. జవాను నవ్వాడు, ప్లీడరు గుమాస్తా నవ్వాడు. డిప్యూటీగారు నవ్వు ఆపుకొని, ఆరు నెలల జైలు రాశారు. నేనూ నవ్వాననుకుంటాను. పెదాలు సాగదీశానని మాత్రం గుర్తుంది.

వరండాలో ఆయన్ని కూర్చోబెట్టినప్పుడు నేను మంచినీళ్ళు తీసుకెళ్ళాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, నేను ఎదురు చెప్పి ఆ కోపంలో బతికిపోయేవాణ్ణి. నేను సాయపడ్డాననే ఆయన నమ్ముతున్నాడు, దొరలకే బుర్ర లేదని ఆయన లెక్క. నీళ్ళు తాగి అన్నాడు.

"బాబూ, మా గుంటకి కబురు సెప్పు. నరికినకాడికి సాలు. ఎండినాక తగలెట్టి, తొలకరికి ఇత్తనం ఎయ్యమను. నేల లేసినాక ఊరికే ఒగ్గీకూడదు. నాకోసం సూడొద్దను."

చెబుతానన్నాను. మర్నాడు వెళ్ళొచ్చు. నాలుగు గంటల నడక. వారం పోయింది, నెల పోయింది. ఏ ముఖం పెట్టుకొని వెళ్ళను అని ఒకరోజు, జ్వరంగా ఉందని ఒకరోజు. వైశాఖం నడుమ కింద జైలు నుంచి కాగితం వచ్చింది. విరేచనాలతో చనిపోయాడని. కొండగాలికి పెరిగిన మనిషి ఆ నాలుగు గోడల ఉక్కలో, ఆ నీళ్ళతో, ఎన్నాళ్ళు ఉండగలడు? కబురు చెప్పిరావడానికి కచేరీలో నన్నే పంపారు. దారి తెలిసినవాణ్ణి కదా.

ముసలాయన కూతురు గుమ్మంలో కూర్చొని చేటలో సామలు చెరుగుతోంది. కింద పడ్డ గింజలను కూడా ఒక్కొక్కటే ఏరుతోంది. అవి తినడానికి కాదు, విత్తనానికి. లోపల పొయ్యి మీదుగా వేలాడదీసిన సొరకాయ బుర్రలో కందులు, ఇంకోదానిలో వలిసెలు. తండ్రి పంపిన కబురు అందకపోయినా ఆవిడకు తెలుసు.

చెప్పాను. ఆవిడ చేట పక్కన పెట్టి నేలమీద పడి ఏడ్చింది. పక్క ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చున్నారు. నేను వెళ్ళలేక, కూర్చోలేక, చూరు కింద నిలబడ్డాను. చాలాసేపటికి ఏడుపు ఆగింది. ఆవిడ ముఖం తుడుచుకొని, ఎన్నాళ్ళగానో అడగాలనుకున్నదే అడిగింది.

"బాబూ, మాము ఒగ్గీలేదు. అయ్య రోజూ ఆ వాలేపే సూసీవోడు. ఒగ్గీసినామని ఎవులు సెప్పినారు? ఏ దొర సెప్పినాడు?"

దొర అనెయ్యొచ్చు. ఆ దొర అప్పటికే వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. హెడ్డు గుమాస్తాగారు అనొచ్చు. కానీ చేట నిండా ఆ గింజలు చూస్తూ ఇంకో అబద్ధం ఆడలేకపోయాను. నేనే రాశానని చెప్పాను. నువ్వు మాదే అన్నావు, మీ అయ్య పడుకోబెట్టామన్నాడు, రెండూ నేను విన్నాను, విని కూడా అలా రాశాను అన్నాను.

ఆడవాళ్ళంతా నా వైపే చూశారు. నన్ను కొడతారనుకున్నాను. శాపనార్థాలు పెడతారనుకున్నాను. ఏదో ఒకటి జరిగితే నా బరువు కాస్త దిగేది. ఆవిడ మాత్రం నా కుడిచేతి వైపు చూసింది, కళ్ళల్లో ఏదో ఆశ కదిలింది.

"నువ్వే రాసినావా బాబు? సొంతంగా ఈ సేత్తోనేనా?"

"నేనే."

"మరింకేటి! మళ్ళీ నువ్వే రాసీ. ఒగ్గీలేదు, తొంగుందని రాసీ."

అదంత తేలిక కాదని చెప్పాలి. అభ్యంతరాల గడువు ఎప్పుడో దాటిపోయిందని, అచ్చయిన కాగితాన్ని గుమాస్తా దిద్దలేడని, దిద్దాలంటే పైవాళ్ళకు అర్జీ పెట్టుకోవాలని, ఆ అర్జీలో నా తప్పు నేనే ఒప్పుకోవాలని. నేను ఇవేవీ చెప్పలేదు. నా మీద ఆశ పెట్టుకున్న ఆ ముఖం చూసి, రాస్తాను అన్నాను.

"వానలకు ముందే అవుతాదా?"

"అవుతుంది."

ఆవిడ చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. నేను వచ్చిన దారినే దిగిపోయాను. దిగుతున్నంతసేపూ గుండె తేలిగ్గా ఉంది, అదే నాకు అసహ్యం.

మా కచేరీ ఉన్న ఊళ్ళో వారం వారం సంత జరిగేది. కొండవాళ్ళు అడ్డాకులూ చింతపండూ పసుపూ తెచ్చి, ఉప్పూ కిరసనాయిలూ పట్టుకుపోయేవారు. మొదటి సంతకే ఆ ఊరామె ఒకతె నన్ను వెతుక్కుంటూ వచ్చి అడిగింది. "బాబూ, రాసీసినావా? ఆ గుంట అడగమంది." రాస్తున్నానన్నాను. రెండో సంతకు ఇంకొకామె. తొలకరి పడింది, ఇత్తనం ఎయ్యొచ్చా అని. ఇంకొన్నాళ్ళు ఆగమన్నాను. మూడో సంతకు మళ్ళీ మొదటామె. ఇంట్లో తిండిగింజలు అయిపోయాయని, బిడ్డకి మామిడిటెంకల అంబలి పోస్తోందని, విత్తనాల బుర్రలు మాత్రం ముట్టనివ్వడంలేదని చెప్పింది. "బాబు రాత్తన్నాడు కదా, ఇత్తనం తినీకూడదంటాది," అంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాగితాలు ముందేసుకొని కూర్చున్నాను. సంతల్లో వాళ్ళ ముఖం చూడడం నావల్ల కాదని తేల్చుకున్నాను. కొండనీరు పడడంలేదనీ, చంటిపిల్లకు తరచూ జ్వరమొస్తోందనీ, దయతో నన్ను పల్లానికి బదిలీ చేయమనీ పైవాళ్ళకు ఇంగ్లీషులో అర్జీ రాశాను. రెండు పేజీలు. ఒక్క పూటలో అయిపోయింది, ఒక్క కొట్టివేత కూడా లేదు.